రెండంగుళాల ట్రయల్

టేపు మాస్టారు ట్రయల్ చూడకుండా ఏ పనీ చెయ్యడు. ఆయన గురించి చెప్పాల్సిన మొదటి మాట ఇది. ఆ వీధిలో చాలామందిని అడిగితే ఆఖరి మాట కూడా ఇదే అంటారు. దర్జీ కాబట్టి బట్టలకి ట్రయల్ చూడటంలో వింతేమీ లేదు. కచ్చా కుట్టు వేసి, తొడిగించి, అద్దం ముందు నిలబెట్టి, అటు తిప్పి ఇటు తిప్పి, సుద్దతో గీతలు గీసి, అప్పుడుగానీ అసలు కుట్టు వెయ్యడు. వింతల్లా ఏమిటంటే, ఆయన బట్టలతో ఆగలేదు. ప్రపంచాన్నంతా కచ్చా కుట్టు మీదే ఉంచాడు.

ఒకసారి ఆయనకి మీసం తీసేద్దామా అన్న ఆలోచన వచ్చింది. ఇంకొకరైతే తీసేస్తారు, లేదా ఊరుకుంటారు. మాస్టారు సగం తీశాడు. కుడివైపు మీసంతో, ఎడమవైపు మీసం లేకుండా, మెళ్ళో టేపు వేసుకుని నాలుగు రోజులు కొట్లో కూచున్నాడు. వచ్చినవాళ్ళని మొదట ఎడమ పక్కనా, తర్వాత కుడి పక్కనా నిలబెట్టి, "మొహమాటపడకండి, ఏది బావుంది?" అని అడిగి నోటుబుక్కులో రాసుకున్నాడు. అయిదో రోజు చూసుకుంటే రెండు పక్కలా సమానంగా వచ్చింది. "తేలలేదు. ఇంకొక్క ట్రయల్," అని పక్కలు మార్చాడు. ఎడమ మీసం మొలిచేదాకా మూడు వారాలు ఆగాల్సి వచ్చింది.

మంచం కొనడానికి వెళ్ళి కొట్లోనే మధ్యాహ్నం నిద్రపోయాడు. ఆ మంచం చూడ్డానికి వచ్చినవాళ్ళకి కొట్టు మనిషి, "ఆయన మంచంతోపాటు రారండీ," అని సర్దిచెప్పుకోవాల్సి వచ్చింది. మాస్టారు లేచి, "కుడి పక్క నిద్ర బావుంది. ఎడమ పక్కకి రేపొస్తాను," అన్నాడు.

ఇవన్నీ చూసి వీధంతా నవ్వుకుంది. నవ్వలేకపోయినవాడు ఒక్క మెకానిక్కు. ఎందుకంటే మాస్టారి కారు అతని చేతిలో పడింది.

మెకానిక్కు షెడ్డు మాస్టారి కొట్టుకి నాలుగు గుమ్మాల అవతల. షెడ్డు పక్కనే టైర్ల కొట్టు. అది అతనికి పిల్లనిచ్చిన మామగారిది, రెండింటికీ మధ్య గోడ ఒకటే. మూడేళ్ళ కిందట, షెడ్డు తెరిచిన కొత్తలో, మెకానిక్కు ఆ గోడ మీద పసుప్పచ్చ బోర్డు పెట్టించాడు: 'ఇచ్చట కార్లు దించబడును.' ఆయిలు మార్చడం, బ్రేకులు బిగించడం ఎవరైనా చేస్తారు. కారుకి పొట్టి స్ప్రింగులు వేసి, దాని ఒంటిని రెండంగుళాలు నేల దగ్గరికి తెచ్చి, అయినా అది రోడ్డు మీద బుద్ధిగా నడిచేలా చెయ్యడం అతను కష్టపడి నేర్చుకున్న విద్య. ఆ విద్య చూపించే అవకాశమే రాలేదు. మూడేళ్ళలో బోర్డు చూసి లోపలికొచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకాయన లారీ మీంచి కారు దించాలన్నాడు. రెండో ఆయన టేపు మాస్టారు.

ఆయన వచ్చిన రోజు మెకానిక్కుకి ఇంకా గుర్తే. కారుని షెడ్డు ముందు ఆపి, దిగి, పదడుగులు వెనక్కి నడిచి, తల ఒక పక్కకి వాల్చి నిలబడ్డాడు. ఇంటికీ కొట్టుకీ, కొట్టుకీ గుడ్డల మార్కెట్టుకీ రోజూ తిరిగే కారు. బూడిద రంగు. ఒంటి మీద ఒక్క గీత లేదు.

"ఏమైంది మాస్టారూ? చప్పుడొస్తోందా?"

"చప్పుడు కాదయ్యా, సిగ్గు."

"సిగ్గా?"

మాస్టారు మెళ్ళో టేపు తీసి, చక్రానికీ దాని పైనున్న రేకు అంచుకీ మధ్య ఖాళీ కొలిచాడు. "నాలుగంగుళాలు. దీన్నేమంటారు? పొట్టి పాంటంటారు. చీలమండలు బయటికి కనపడేలా పాంటు కుట్టి మనిషిని వీధిలోకి పంపిస్తే నా మొహాన ఎవరైనా ఉమ్ముతారా లేదా? అలాంటిది నేనే ఈ పొట్టి పాంటులో కూచుని రోజూ ఊరు తిరుగుతున్నాను."

ఆ మాట నిజం. మాస్టారు తన కారు దగ్గరికి ఎప్పుడూ ఎదురుగానే నడిచొస్తాడు. పక్కనించి చూడలేడు.

మెకానిక్కు గుండె గంతేసింది. "రెండంగుళాలు దించేద్దాం మాస్టారూ! ఎర్ర స్ప్రింగులు తెప్పిస్తా. వచ్చిన సాయంత్రమే బిగించేస్తా."

"తెప్పించు," అన్నాడు మాస్టారు. తర్వాత అతని వంక జాలిగా చూశాడు. "బిగించేస్తావా? ట్రయల్ లేకుండానే?"

స్ప్రింగులు వచ్చాయి. మెకానిక్కు వాటిని మేకుకి తగిలించాడు. అవి అక్కడే ఉన్నాయి.

ఆ శనివారం మాస్టారు నోటుబుక్కు తెచ్చాడు. పేజీ మధ్యలో నిలువు గీత. ఎడమ పక్కన 'మంచి', కుడి పక్కన 'చెడ్డ'.

"మంచి. పాంటు నిండుగా ఉంటుంది. మలుపుల్లో కారు ఒరగదు. గాలి కింద దూరదు. ఆగినప్పుడు మూతి ముందుకి వంచదు." మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నాడు. "చెడ్డ. స్పీడు బ్రేకరు కడుపుకి తగలొచ్చు. మా ఇంటి ముందు వాలులో మూతి గీసుకోవచ్చు. కుదుపు నడుముకి తెలుస్తుంది. టైర్లు లోపలివైపు అరగొచ్చు."

"అలైన్‌మెంటు సరిచేస్తే అరగవు మాస్టారూ."

గోడ అవతల్నించి మామగారి గొంతు వినిపించింది. "అరగనీ అల్లుడూ! నువ్వెందుకు అడ్డుపడతావ్?"

మాస్టారు 'అరగొచ్చు' పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టి, చివరిదాకా చదివాడు. "మొత్తం మంచి పద్నాలుగు, చెడ్డ పద్నాలుగు. తేలలేదు."

"చెడ్డవి మీరు చదివినవి పదమూడే."

"ఒకటి చిన్నది. వదిలెయ్," అని మాస్టారు నోటుబుక్కు మూసేశాడు.

"పోనీ, మంచివి పద్నాలుగున్నాయిగా? ఊళ్ళో ఎంతమంది దించుకోవట్లేదు?"

"వాళ్ళది పెళ్ళి సూటు నాయనా. బిగుతుగా ఉన్నా ఒక పూట ఊపిరి బిగబట్టి ఫొటోలు దిగొచ్చు. ఇది రోజూ తొడిగే చొక్కా. ఇందులో బతకాలి."

ఆ తర్వాత మాస్టారు చేసిన పని చూసి మెకానిక్కు మొదటిసారి నోరెళ్ళబెట్టాడు. కాలరు లోపల పెట్టే బక్రం గుడ్డని బారుగా కత్తిరించి, కారు అడుగున చుట్టూ వేలాడేలా కట్టాడు. ఆ గుడ్డ అంచు సరిగ్గా రెండంగుళాలు కిందికొచ్చింది. అంచుకి దర్జీ సుద్ద పూశాడు. "కారుని దించితే దాని కడుపు ఇక్కడికొస్తుంది. దేనికైనా తగిలితే అక్కడ సుద్ద పోతుంది. స్ప్రింగులు మార్చకుండానే, దించిన కారులో తిరిగినట్టు." ముగ్గురు మేస్త్రీల దగ్గర పని నేర్చుకున్నాడు మెకానిక్కు. ఇలాంటిది ఒక్కరూ చెప్పలేదు. వీధిలోవాళ్ళు మాత్రం మాస్టారు కారుకి పావడా కుట్టించాడన్నారు.

"ఇంకొకటి," అన్నాడు మాస్టారు. "ఖాళీ కారుతో కొలిస్తే అది హ్యాంగరుకి తగిలించిన చొక్కా. వెనక సీట్లో మనిషి బరువుండాలి."

ఆ మనిషి కాజాలమ్మ అని ఆయనే తేల్చేశాడు.

కాజాలమ్మ మాస్టారి కొట్లో చేత్తో కాజాలు కుడుతుంది. మాస్టారు మాస్టారు కానప్పట్నించీ కుడుతోంది. అందుకే ఆయన ఆమెని 'అక్కా' అంటాడు. ఆమె ఆయన్ని 'మాస్టారూ' అని పిలిచి, వెంటనే 'నువ్వు' అంటుంది. మిషను కాజా ఎక్కడైనా కనపడితే తల పక్కకి తిప్పుకుంటుంది. ఒకరి దగ్గర సాయం తీసుకోవడం ఆమెకి అంతకంటే అసహ్యం. బస్సులో ఒకాయన లేచి సీటిస్తే, "నేనేం ముసలిదాన్నా?" అని తర్వాతి స్టాపులో దిగి నడుచుకుంటూ వచ్చింది. కొట్టు మెట్టు దగ్గర ఒక ఖాతాదారు చెయ్యి అందించబోతే, అతని చొక్కా కాజాలు ఎంత బిగువుగా కుట్టిందంటే, పాపం వారం రోజులు పై గుండీ పెట్టుకోలేకపోయాడు.

అలాంటావిడని మాస్టారు అడిగినప్పుడు మెకానిక్కు అక్కడే ఉన్నాడు.

"అక్కా, ఒక ఉపకారం చెయ్యాలి. పొద్దున్నా సాయంత్రమూ నా కారు వెనక సీట్లో కూచోవాలి."

"ఎందుకు?"

"బరువుకి."

కొట్లో మిషన్లు ఆగిపోయాయి.

"నేను బరువా?"

"సరిగ్గా కావాల్సినంత బరువక్కా. వీసమెత్తు ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఊరంతా గాలించినా దొరకదు."

కాజాలమ్మ దారం కొరికింది. "ఎన్నాళ్ళు?"

"ఒక్క వారం."

"నా పని చెడగొట్టుకుని నీ కారెక్కాలి. కర్మ. వారమే మాస్టారూ, చెప్తున్నా."

ఆ వారం రెండేళ్ళు నడిచింది.

కాజాలమ్మ పని కూచోవడం ఒక్కటే కాదు. అడుగున ఎక్కడైనా గుడ్డ రాసుకుంటే, "తగిలింది!" అని అరిచి, ఒళ్ళో ఉన్న రేకు డబ్బాలో ఒక నల్ల గుండీ వెయ్యాలి. మొదటి వారం పదకొండు గుండీలు పడ్డాయి. తర్వాత మాస్టారు దారులు మార్చాడు. ఏ స్పీడు బ్రేకరు దగ్గర ఏ పక్కనించి ఎక్కాలో, ఏ సందులో గతుకులు లేవో, అన్నీ కొలిచి రాసుకున్నాడు. గుండీలు ఆరుకి దిగాయి, మూడుకి దిగాయి. మెకానిక్కు ఆశ పెరిగింది. అప్పుడు వానలు మొదలయ్యాయి. "పొడి రోడ్డు వేరు, తడి రోడ్డు వేరు. ఇంకొక్క ట్రయల్." తర్వాత చలి. "ఇప్పుడు నా ఒంటి మీద కోటు ఉంది. బరువు మారింది. ఇంకొక్క ట్రయల్." మధ్యలో కాజాలమ్మకి జ్వరమొచ్చి రెండు కిలోలు తగ్గింది. "మళ్ళీ మొదట్నించీ," అన్నాడు మాస్టారు. రెండు కిలోలు తిరిగి వచ్చాక అప్పుడూ మళ్ళీ మొదట్నించే.

చివరికి నెలంతా తిరిగినా డబ్బాలో ఒక్క గుండీ దాటని స్థితి వచ్చింది. మెకానిక్కు కారు కింద పడుకుని టార్చి వేసి చూశాడు.

"మాస్టారూ, సుద్ద ఎక్కడా చెదరలేదు. ఈ ఒక్క గుండీ ఎక్కడిది?"

"తగిలింది," అంది కాజాలమ్మ.

"తగిలితే సుద్ద పోవాలి కదా పెద్దమ్మా?"

"నా చెవులు అబద్ధం చెప్తాయా?"

"ఒక్కటే కదా మాస్టారూ, దించేద్దాం!"

"ఒకటి ఉంది కదయ్యా," అన్నాడు మాస్టారు నిట్టూర్చి. "ఇంకొక్క ట్రయల్."

ఇలా ఉండగా మామగారికి కొత్త రకం టైర్లు వచ్చాయి. వాటి బొమ్మ వేయించడానికి గోడ కావాల్సి వచ్చింది. ఆయన బోర్డు ముందు నిలబడి అల్లుణ్ణి పిలిచాడు.

"అల్లుడూ, ఇది పెట్టి ఎన్నాళ్ళయింది?"

"మూడేళ్ళు మావయ్యా."

"ఎన్ని దించావు?"

మెకానిక్కు చేతులు తుడుచుకున్నాడు. అవి అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

"నెలాఖరు లోపల ఒక్క కారు దించి చూపించు. లేకపోతే నిచ్చెన వేసుకుని ఈ బోర్డు నేనే దించుతాను. ఈ షెడ్డులో దిగినవాటిల్లో అదే మొదటిదవుతుంది."

నెలాఖరుకి పన్నెండు రోజులుంది. ఆ బోర్డు రాతలో తన విద్యంతా ఉందని మెకానిక్కుకి అదంటే ప్రాణం. ఎలాగైనా మాస్టారి ట్రయల్ పూర్తికావాలి. ఎందుకు పూర్తికావట్లేదని తీరిగ్గా కూచుని ఆలోచించాడు. తప్పు ఎక్కడో దొరికింది. కొలత పరికరంలో. మనిషి అన్నాక జ్వరమొస్తుంది, బరువు మారుతుంది, చెవులు మోసం చేస్తాయి. వెంటనే ఇల్లు కడుతున్న చోటికి వెళ్ళి ఇసుక తెచ్చాడు. ఇరవై ఆరున్నర కిలోల మూటలు రెండు. మొత్తం యాభై మూడు. కాజాలమ్మ బరువు మాస్టారి నోటుబుక్కులోనే ఉంది.

మూటల్ని మాస్టారి కారు వెనక సీట్లో కూచోబెట్టి, బెల్టు పెట్టి, వెలిగిపోతున్న మొహంతో దర్జీ కొట్టుకి వెళ్ళాడు.

"పెద్దమ్మా, రేపట్నించీ మీకు శ్రమ తప్పింది! మీ బదులు ఇసుక కూచుంటుంది."

మాస్టారి కత్తెర గుడ్డ మధ్యలో ఆగిపోయింది. "ఇసుకా? ఇసుక మంచిదేనంటావా?"

"మనిషి కంటే ఖచ్చితం మాస్టారూ! తగ్గదు, పెరగదు, జ్వరం రాదు."

ఎన్ని కొలతలైనా కొలిచే మాస్టారికి ఈ మాటకి అడ్డు చెప్పే కొలత దొరకలేదు. కాజాలమ్మ గుండీల డబ్బా బల్ల మీద పెట్టింది.

"ఈ తెలివి రెండేళ్ళ కిందటే ఉంటే నా పని చెడేది కాదుగా," అంది.

మెకానిక్కు దాన్ని మెచ్చుకోలు అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్న షెడ్డు తలుపు తీస్తుంటే వీధి చివర బస్సు ఆగింది. కాజాలమ్మ దిగింది. మొదటి దీపస్తంభం దాకా నడిచి, దాన్ని పట్టుకుని నిలబడింది. ఎవరైనా చూస్తున్నారేమోనని, దాని మీద అంటించిన కాగితం చదువుతున్నట్టు తలెత్తింది. రెండో స్తంభం దగ్గర కాగితం లేదు. అక్కడ చెప్పు సర్దుకుంది. టైర్ల కొట్టు దాకా వచ్చి, బయట పేర్చిన టైర్ల మీద కూలబడి, వాటి గాడుల్ని వేలితో తడిమి చూడసాగింది.

"కొంటావా అమ్మా?" అన్నాడు మామగారు.

"చూడనీ ముందు," అంది కాజాలమ్మ రొప్పుతూ.

వీధి మలుపులో మాస్టారి కారు ఆగి ఉంది. వెనక సీట్లో ఇసుక మూటలు బెల్టు పెట్టుకుని దర్జాగా కూచున్నాయి. స్టీరింగు పట్టుకుని మాస్టారు కాజాలమ్మనే చూస్తున్నాడు. ఆమె లేచి, గోడ పట్టుకుంటూ కొట్లోకి వెళ్ళేదాకా ఆయన కారు కదల్లేదు.

రెండో రోజూ అంతే. మూడో రోజు బస్సు వచ్చింది గానీ కాజాలమ్మ దిగలేదు. కొట్లో కాజాలు లేని చొక్కాలు పదకొండు వేలాడుతున్నాయి.

"పెద్దమ్మ రాలేదేం మాస్టారూ?"

"ఇంట్లో ఏదో పనిట," అన్నాడు మాస్టారు. ఒక చొక్కా ఒళ్ళో పెట్టుకుని తనే కాజా కుట్టబోయి వేలు పొడుచుకున్నాడు. "డబ్బాలో ఎన్ని?"

"ఒక్కటీ లేదు. సుద్ద కూడా పూసింది పూసినట్టుంది."

మాస్టారు పొడుచుకున్న వేలు నోట్లో పెట్టుకుని తీశాడు. "అయితే ట్రయల్ అయిపోయినట్టే కదా. మాటంటే మాట. దించెయ్ నాయనా." కారు తాళాలూ, నోటుబుక్కూ బల్ల మీదికి జరిపాడు. "ఎంతవరకూ దించాలో చివరి పేజీలో ఉంది."

రెండేళ్ళుగా ఎదురుచూసిన మాట. మెకానిక్కు పరిగెత్తినట్టే షెడ్డుకి వచ్చాడు. కారుని జాకీల మీదికి ఎత్తి, ముందు చక్రం ఊడదీసి, మేకు మీంచి ఎర్ర స్ప్రింగు దింపి, దుమ్ము తుడిచాడు. ఎత్తు కొలత కోసం నోటుబుక్కు తెరిచాడు. చివరి పేజీకి బదులు మొదటి పేజీ తెరుచుకుంది.

కుడి పక్కన, 'చెడ్డ' కింద, ఒకటో నంబరు. స్ప్రింగులు తెప్పించమన్న మర్నాటి తారీఖు. మాస్టారు ఏ రోజూ పైకి చదవనిది.

'వెనక సీటు ఎత్తు పద్దెనిమిదిన్నర అంగుళాలు. అక్క స్టూలు కాళ్ళ కింద చెక్కలు పెట్టి ట్రయల్ చూశాను, ఆమెకి తెలీకుండా. పద్దెనిమిదిన్నరకి తేలిగ్గా లేచింది. పదిహేడున్నరకి బల్ల పట్టుకుంది. పదహారున్నరకి లేవలేక, సూది వెతుకుతున్నట్టు కూచుంది.'

దాని కింద ఇంకో రెండు వరుసలు.

'ఊరికే కారెక్కమంటే ఎక్కదు. ట్రయల్ అంటే ఎక్కుతుంది. దించితే ట్రయల్ అయిపోతుంది. అయిపోతే మళ్ళీ బస్సు.'

మెకానిక్కు ఆ పేజీ మళ్ళీ చదివాడు. ఎర్ర స్ప్రింగుని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. రోజూ పొట్టి పాంటు కారులో సిగ్గుపడుతూ తిరిగిన మనిషి. పద్దెనిమిదిన్నర లోంచి రెండు తీసెయ్యడం మొదటి వారమే వచ్చిన మనిషి. వాన తడీ, కోటు బరువూ అంటూ రెండేళ్ళు సాగదీసిన మనిషి. ఆయన కచ్చా కుట్టుని తను రెండు ఇసుక మూటలతో పుటుక్కున తెంపేశాడు.

చక్రం తిరిగి బిగించాడు. ఎర్ర స్ప్రింగు మేకు మీదికి వెళ్ళిపోయింది. కారు తీసుకుని తిన్నగా కాజాలమ్మ ఇంటికి వెళ్ళాడు.

ఆమె గుమ్మంలో ఎత్తు కుర్చీ వేసుకుని, కాళ్ళకి తైలం రాసుకుంటోంది. అతన్ని చూడగానే సీసా వెనక్కి దాచేసింది.

"కొంప మునిగింది పెద్దమ్మా!"

"ఎవరిది?"

"నాదే. ఇసుక పనికిరాలేదు. మలుపులో మనిషైతే పక్కకి ఒరుగుతాడు. ఇసుక కూలబడి కూచుంటుంది. తగిలితే 'తగిలింది' అనదు. కొలతలన్నీ తప్పులే!"

కాజాలమ్మ మెడ చాచి కారులోకి చూసింది. "దానికి బెల్టు పెట్టారా?"

"పెట్టాం."

"రెండేళ్ళు కూచున్నాను, నాకొక్కనాడు పెట్టుకోమని చెప్పారా? ఇసుకకున్న మర్యాద నాకు లేదు!"

"తప్పే పెద్దమ్మా. ఇప్పుడు ట్రయల్ మళ్ళీ మొదట్నించీ మొదలెట్టాలి. మీరు రాకపోతే మాస్టారి పనీ, నా పనీ రెండూ ఆగిపోతాయి."

"ఎన్నాళ్ళు?"

"ఒక్క వారం."

కాజాలమ్మ అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "మామూలు వారమా, మాస్టారి వారమా?"

"మాస్టారి వారమే పెద్దమ్మా."

"ఒక్క కారు దించడానికి ఇద్దరు మగాళ్ళు! సరే, ఆ మూటలు దింపు. నా సంచీ తెచ్చుకుంటాను."

మెకానిక్కు మూటలు వాకిట్లో దింపాడు. అతని చేతుల మీదుగా కారులోంచి దిగినవి అవే.

కొట్టు ముందు కారు ఆగి కాజాలమ్మ దిగుతుంటే మాస్టారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. సీటు అంచు మీద అరచెయ్యి ఆనించి, ఎవరి సాయమూ లేకుండా, ఒక్క ఊపున లేచి నిలబడింది. పద్దెనిమిదిన్నర అంగుళాలు. మెకానిక్కు నోటుబుక్కు తిరిగిచ్చాడు. మాస్టారు తెరిచి చూశాడు. 'చెడ్డ' కింద, ఆయిలు మరకతో, కొత్త వరుస ఒకటి ఉంది: 'పదిహేను. ఇసుక మాట్లాడదు.'

మాస్టారు చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"మంచి పద్నాలుగు, చెడ్డ పదిహేను," అన్నాడు. "నీకు కచ్చా కుట్టు వచ్చిందయ్యా. ఒక్కటే లోపం. ఇప్పుడు తేలిపోయింది కదా, ట్రయల్ ఎలా నడుస్తుంది?"

"'టైర్లు అరగొచ్చు' పక్కన ప్రశ్నార్థకం ఉంది కదా మాస్టారూ. అది తేలేదాకా పద్నాలుగే."

మాస్టారు మొహం విప్పారింది. "అవునవును. అది తేలాలంటే టైర్లు అరగాలి. చాలా కాలం పడుతుంది."

నెలాఖరు రోజు మామగారు నిచ్చెన తెచ్చి గోడకి వేశాడు. తీరా ఎక్కి చూస్తే, పసుప్పచ్చ బోర్డు మీద పాత రాత లేదు. పెయింటు ఇంకా ఆరలేదు. 'కార్లు దించవలెనో వద్దో ఇచ్చట ట్రయల్ చూడబడును.' ఆయన నిచ్చెన మీదే నిలబడి రెండుసార్లు చదివాడు.

"అల్లుడూ, దీనికెవరొస్తారు?"

మొదటి వారంలో నలుగురొచ్చారు. దించుకోవాలని ఉండి, ఇంట్లో వద్దంటున్నవాళ్ళు ఊళ్ళో అంతమంది ఉన్నారని ఎవరికీ తెలీదు. మెళ్ళో టేపు వేసుకుని మెకానిక్కు ఒక్కొక్కరినీ కూచోబెట్టి అడిగేవాడు. "రోజూ నడిపే కారేనా? ఇంటి ముందు వాలెంత? సరే, వెనక సీట్లో ఎవరు కూచుంటారు? వాళ్ళకెన్నేళ్ళు?" ఇద్దరు వద్దనుకుని సంతోషంగా వెళ్ళిపోయారు. ఒకరికి ముప్పావు అంగుళం దించాడు. అంతకు మించి వాళ్ళమ్మగారి మోకాళ్ళు ఒప్పుకోలేదు. నాలుగో ఆయనకి బక్రం గుడ్డ కట్టి పంపించాడు. గోడ మీద టైరు బొమ్మకి చోటు లేకపోయినా, ట్రయల్‌కి వచ్చినవాళ్ళందరూ ముందు టైర్లు కొలిపించుకోవడం చూసి మామగారు నిచ్చెన లోపల పెట్టేశాడు.

ఒక సాయంత్రం మెకానిక్కు షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు. మాస్టారి బూడిద రంగు కారు కింద పావడా ఊపుకుంటూ మెల్లగా వచ్చింది. వెనక సీట్లో కాజాలమ్మ, బెల్టు పెట్టుకుని, ఒళ్ళో డబ్బాతో. షెడ్డు ముందు రోడ్డు కొత్తగా వేసింది. అద్దంలా ఉంటుంది, గతుకన్నది లేదు. కారు దాని మీద జారినట్టు వెళ్ళిపోతోంది.

"తగిలింది!" అంది కాజాలమ్మ.

డబ్బాలో గుండీ టక్కుమంది.